చూడని సరుకు, చూపించే మాట

అంగట్లో కొనేవారు సరుకును చేత్తో పట్టుకుని, తిప్పి చూసి కొంటారు. ఇంటర్నెట్ దుకాణంలో వారికి ఉండేది ఒక ఫోటో, నాలుగు వాక్యాలు. కాబట్టి ఆ నాలుగు వాక్యాలు కూడా అమ్మేవారి చేతిలోని అమానతే.

చూడని వస్తువు అమ్మకం గురించి మన ఫుకహా ఏనాడో చర్చించారు. హనఫీ ఫిఖహ్ ప్రకారం అది చెల్లుతుంది. అయితే సరుకు చూశాక ఉంచుకోవాలో, తిరిగి ఇచ్చేయాలో నిర్ణయించుకునే హక్కు కొన్నవారికి ఉంటుంది. దీన్నే ఖియారె రూయత్ అంటారు. మన దేశంలో 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం కూడా వర్ణించినట్లు లేని సరుకును అమ్మకందారు వెనక్కి తీసుకోవలసిందే. రానుపోను పార్శిలు ఖర్చు చిన్న వ్యాపారి లాభాన్ని తినేస్తుంది.

హైదరాబాదు లాడ్ బజార్ లక్క గాజుల్నే తీసుకోండి. ఇంటినుంచే వీటిని అమ్మే సోదరీమణులు ‘సైజు 2.4’ అని రాసి ఊరుకుంటారు. గాజుల లెక్కలో అది దశాంశం కాదు. రెండు అంగుళాల మీద నాలుగు పదహారో వంతులు. అంటే లోపలి వ్యాసం రెండుంపావు అంగుళాలు, సుమారు 57 మిల్లీమీటర్లు. కొనేవారు స్కేలుతో కొలిచి 2.4 అంగుళాలు అనుకుంటే అది 61 మిల్లీమీటర్లు, దాదాపు 2.6 సైజు. గాజు చేతికి ఎక్కదు. ‘లోపలి వ్యాసం 57 మి.మీ.’ అని రాస్తే ఈ చిక్కే రాదు. రాళ్ళు గాజువైతే గాజువనే రాయాలి. లక్క వేడికి మెత్తబడుతుందనీ చెప్పాలి. ఫోటో పగటి వెలుగులో తీయాలి. పసుపు బల్బు కింద ఎరుపు ఎరుపులా ఉండదు.

బజారులో ధాన్యపు రాశి లోపల తడి కనిపించినప్పుడు, దాన్ని జనానికి కనబడేలా పైన ఎందుకు పెట్టలేదని దైవప్రవక్త (స) ఆ వ్యాపారిని ప్రశ్నించినట్లు సహీహ్ ముస్లింలో ఉంది. రాయి ఊడిన జతను తగ్గించి అమ్ముతుంటే ఆ ఊడిన చోటే మొదటి ఫోటోలో కనబడాలి.

ఇన్ని వివరాలు ఎవరు సరిచూస్తూ కూర్చుంటారని అడగవచ్చు. అసలు రెండు వందల పేజీలు పెట్టడమే పొరపాటు. ఒక డిజైనుకు ఒకే పేజీ పెట్టి, సైజులూ రంగులూ దానికిందే చూపండి. జాగ్రత్తలు, వాపసు షరతులు ఒకేచోట రాసి అన్నిటికీ వాడుకోండి. ధర మారితే ఒక్కచోట దిద్దితే సరిపోతుంది. కొద్ది రకాలకు నెలనెలా డబ్బు కట్టే సాఫ్ట్‌వేర్ దండగ. ఒక నోటు పుస్తకం, వారానికి అరగంట చాలు. రెండు వెబ్‌సైట్లలో అమ్మేవారు మాత్రం ఆఖరి జతను ఒకచోటే ఉంచాలి. లేకుంటే ఒకే జత ఇద్దరికి అమ్ముడవుతుంది.

ఇక టోకు వ్యాపారి ఫోటోలు తెచ్చి, తమ దగ్గర లేని సరుకును తమదిగా అమ్మేవారున్నారు. తన వద్ద లేనిదాన్ని అమ్మవద్దని హకీమ్ బిన్ హిజామ్ (రజి)ను ప్రవక్త (స) వారించారు. అలాంటివారు ఆ టోకు వ్యాపారితో ముందే మాట్లాడుకుని, అతని తరఫున కమీషన్‌కు అమ్మే వకీలుగా ఉండవచ్చు. అప్పుడు సరుకు ఎవరిదో పేజీలోనే రాయాలి.