గుర్రం లేని బండి

సంగారెడ్డి జిల్లాలోని హత్నూర మండలంలో ఒకప్పుడు ప్రయాణమంటే ఎడ్లబండి చప్పుడే. పటాన్‌చెరు ప్రాంతంలో వెలసిన పరిశ్రమలు క్రమంగా ఈ పల్లెల వరకు విస్తరించాయి. నేడు ఆ త్రోవలలో ట్యాంకర్లు, లారీలు, కంపెనీ బస్సులు రాత్రింబవళ్ళు తిరుగుతున్నాయి. ఆ హోరులో పెరిగిన విద్యార్థికి మోటారు వాహనం వింతగా తోచదు. అది వింతగా తోచిన కాలాన్ని చూడదలచినవారికి జర్మనీ దేశపు స్టుట్‌గార్ట్ నగరంలో ఒక చోటు ఉంది. అదే మెర్సిడిస్ బెంజ్ ప్రదర్శనశాల.

2006లో ప్రారంభమైన ఈ భవనంలో సందర్శకుడు ముందుగా లిఫ్టులో పై అంతస్తుకు చేరుకుంటాడు. అక్కడి నుండి మెలికలు తిరిగే ఏటవాలు దారిలో క్రిందికి నడిచి వస్తాడు. అతడు దిగుతున్నకొద్దీ కాలం ముందుకు సాగుతుంది. చిత్రమేమంటే, నూట అరవై వాహనాలు కొలువుతీరిన ఆ శాలలో మొట్టమొదట ఎదురయ్యేది కారు కాదు, తెల్లని గుర్రం బొమ్మ!

ఈ ఏర్పాటు ఎంతో ఉచితమైనది. వేల సంవత్సరాలు మానవుని వేగం గుర్రపు వేగమే. నన్నయ భారతంలోని నలోపాఖ్యానంలో బాహుకుడు రథం తోలుతుండగా ఋతుపర్ణుని ఉత్తరీయం జారిపడుతుంది. రాజు ఆ మాట చెప్పేసరికే రథం యోజన దూరం దాటిపోతుంది. మహాకవి ఊహించిన వేగానికైనా గుర్రాలే ఆధారం. ఇంజను శక్తిని నేటికీ అశ్వశక్తిలోనే చెప్పుకుంటున్నాము కదా!

గుర్రాన్ని దాటిన పిదప కనిపించేది మూడు చక్రాల బండి. కార్ల్ బెంజ్ 1886 జనవరి 29న పేటెంటుకు దరఖాస్తు చేసిన వాహనానికి అది ప్రతిరూపం. అసలు బండి మ్యూనిక్ నగరంలోని మ్యూజియంలో ఉంది. ఒకే సిలిండరు గల దాని ఇంజను శక్తి ఒక్క గుర్రానికి కూడా సరితూగదు. వివాహానికి ముందే తన కట్నం సొమ్మును తెప్పించి, బెంజ్ కార్ఖానాను నిలబెట్టినది ఆయన భార్య బెర్తా. పేటెంటు పత్రంలో మాత్రం ఆమె పేరు లేదు.

బండి సిద్ధమైనా కొనేవారు కరవయ్యారు. కార్ల్ బెంజ్ నేర్పుగల ఇంజనీరే గాని, తన వస్తువును లోకానికి చాటగల నేర్పు ఆయనకు లేదు. 1888 ఆగస్టులో ఒకనాటి వేకువన, భర్త నిద్రలో ఉండగా, బెర్తా తన ఇద్దరు కుమారులతో ఆ బండి నెక్కి మన్‌హైమ్ నుండి ఫోర్జ్‌హైమ్‌లోని పుట్టింటికి బయలుదేరింది. దూరం దాదాపు నూరు కిలోమీటర్లు. అంతవరకు అంత దూరం మోటారు బండిలో వెళ్ళినవారు లేరు.

దారిలో ఇంధనపు గొట్టం పూడుకొనిపోగా టోపీకి గుచ్చుకునే సూదితో దానిని శుభ్రపరచింది. తీగ ఒరిసిపోతే మేజోటి పట్టీని చుట్టింది. బ్రేకు దిమ్మలు అరిగిపోతే చెప్పులు కుట్టేవానిచేత తోలు తొడిగించింది. మిట్ట ఎదురైనచోట దిగి నెట్టవలసి వచ్చింది. వీజ్‌లోఖ్ అనే ఊరిలో ఇంధనం నిండుకోగా ఆమె వెళ్ళినది మందుల అంగడికి. ఆనాడు మరకలు పోగొట్టడానికి అమ్మే లిగ్రోయిన్ అనే పెట్రోలియం ద్రావణమే ఆ బండికి ఇంధనం. ఆ విధంగా ఒక ఔషధశాల ప్రపంచంలో మొదటి పెట్రోలు బంకుగా పేరు పొందింది. ద్రావణులతో నిత్యం పనిబడే మందుల పరిశ్రమల నడుమ నివసించే హత్నూర వాసులకు ఈ బంధుత్వం ఆశ్చర్యం కలిగించకపోవచ్చు.

చీకటిపడే వేళకు పుట్టిల్లు చేరి భర్తకు తంతి పంపింది. తిరిగివచ్చిన తరువాత, మిట్టలు ఎక్కడానికి మరొక గేరు కావాలని సూచించగా బెంజ్ దానిని అమర్చాడు. ప్రయోగశాల చెప్పలేని లోపాన్ని బాట చెప్పింది.

క్రిందికి దిగేకొద్దీ బండ్లు సొగసు దిద్దుకుంటాయి. 1926లో బెంజ్, డైమ్లర్ సంస్థలు ఏకమయ్యాయి. 1954 నాటి 300 ఎస్.ఎల్. కారు తలుపులు రెక్కల వలె పైకి తెరుచుకుంటాయి. అది అలంకారం కోసం చేసినది కాదు. చట్రపు గొట్టాలు ప్రక్కలలో ఎత్తుగా ఉండడంతో మామూలు తలుపులకు చోటు చాలలేదు.

అయితే ఈ మెరుపుల నడుమ మరువరాని చీకటి ఒకటి ఉంది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో ఆ కర్మాగారాలు హిట్లర్ సైన్యానికి పనిచేశాయి. 1944లో అక్కడి శ్రామికులలో దాదాపు సగంమంది బలవంతంగా తెచ్చినవారు, యుద్ధఖైదీలు, నిర్బంధశిబిరాల బందీలు. సంస్థ స్వయంగా అంగీకరించిన చరిత్ర ఇది. నున్నని లోహంపై వ్రేలిముద్రలు నిలువవు.

అదే 1944 మే నెలలో, తొంభై అయిదేండ్ల వయస్సులో బెర్తా బెంజ్ కన్నుమూసింది. ఆమె ప్రయాణించిన దారి 2008లో ఆమె పేరిట స్మారక మార్గమైంది. వీజ్‌లోఖ్‌లోని ఆ ఔషధశాల ముందు నేడు ఒక స్మారకచిహ్నం ఉంది.