ఒసాకా రచయిత్రి తనాబె సేకో

జపాను దేశపు మహానగరములలో ఒసాకా యొకటి. అది తరతరములుగా వర్తకులకు నెలవు. అచ్చటి ప్రజల మాటతీరు టోకియో మాటతీరుకంటె భిన్నమైనది. పాఠశాలలలోను పత్రికలలోను టోకియో భాషకే మన్నన. ఒసాకా యాస హాస్యమునకు తగినదే కాని గంభీరమైన ప్రేమకథకు తగదని పలువురు తలచుచుండిరి. ఆ యాసలోనే ప్రేమకథలు వ్రాసి పాఠకుల మనస్సులను చూఱగొన్న రచయిత్రి తనాబె సేకో. తెలుగువారివలెనే జపానువారును ఇంటిపేరును ముందు చెప్పుదురు. తనాబె ఆమె యింటిపేరు.

సేకో 1928వ సంవత్సరము మార్చి 27వ తేదీన ఒసాకాలో జన్మించెను. ఆమె తండ్రి ఫోటో స్టూడియో నడుపుచుండెను. బంధువులతోను పనివారితోను ఆ యిల్లు నిత్యము సందడిగా నుండెడిది. సేకోకు చిన్ననాటినుండియు పుస్తకములనిన మిక్కిలి మక్కువ. ఇంతలో యుద్ధము తీవ్రమయ్యెను. విద్యార్థినులు చదువు మాని కర్మాగారములలో పనిచేయవలసి వచ్చెను. 1945 జూన్ 1వ తేదీన జరిగిన విమానదాడిలో ఆమె యిల్లు దగ్ధమయ్యెను. ఆ డిసెంబరులోనే తండ్రి మరణించెను. అప్పటికామె వయస్సు పదునేడేండ్లు.

ఆ కష్టదినములలోను ఆమె దినచర్య వ్రాయుట మానలేదు. రచయిత్రి కావలెనను సంకల్పము అందు స్పష్టముగా గానవచ్చును. ఆమె మరణానంతరము దొరికిన ఆ దినచర్య 2021లో అచ్చయ్యెను.

1947లో కళాశాల చదువు ముగించి, కుటుంబపోషణమునకై ఆమె ఇనుపసామానులు టోకుగా నమ్ము దుకాణమున ఉద్యోగమునకు కుదిరెను. పగలు లెక్కలు, రాత్రి రచనలు. ఇట్లు ఏండ్లు గడచెను. ఆ దుకాణమున విన్న బేరసారములు, వేళాకోళములు, నిట్టూర్పులు ఆమె కథలకు ఊపిరులైనవి. 1964లో 'సెంటిమెంటల్ జర్నీ' అను రచనకు జపానులో ప్రసిద్ధమైన అకుతాగావా బహుమానము లభించెను.

1966లో ఆమె కవానో సుమియో అను వైద్యుని వివాహమాడెను. ఆయనకు అప్పటికే నలుగురు బిడ్డలు గలరు. ఆ పెద్ద సంసారము నడుమనే ఆమె కలము సాగెను. భర్తతోడి సంభాషణములే ఆమె హాస్యవ్యాసములకు మూలమయ్యెను.

ముప్పదియేండ్లు దాటియు పెండ్లి కాని ఉద్యోగినులను నాటి లోకము చులకనగా చూచుచుండెను. సేకో అట్టివారినే నాయికలుగా గైకొనెను. వారు స్వయముగా సంపాదించుకొందురు, నవ్వుదురు, ప్రేమింతురు, ప్రేమ విఫలమైనచో కన్నీరు తుడుచుకొని మరల పనికి పోవుదురు.

'జోసే, పులి, చేపలు' ఆమె కథలలో పేరెన్నిక గన్నది. అందలి నాయిక కుమికో నడువలేనిది. అవ్వ ఆమెను లోకుల కంటబడకుండ పెంచెను. ఒకనాడు ఎవరో ఆమె చక్రముల కుర్చీని పల్లమునకు త్రోసివేయగా, త్సునేవో అను విద్యార్థి దాని నాపెను. వారికి స్నేహము కలిగెను, అది ప్రేమయయ్యెను. కుమికో ఫ్రెంచి నవలానాయిక పేరైన 'జోసే'ను తనకు పెట్టుకొనెను. పులిని చూడవలెనని ఆమె కోరిక. ప్రియమైనవారు ప్రక్కనుండగా, లోకములో నెల్ల భయంకరమైనదానిని చూడవలెనని ఆమె యెన్నాళ్ళనుండియో తలచుచుండెను. భయము కలిగినపుడు పట్టుకొనుటకు ఒక చేయి యుండవలెనని భావము. ఈ కథ 2003లో చలనచిత్రముగాను, 2020లో బొమ్మల చిత్రముగాను వచ్చెను.

వేయేండ్ల నాటి 'గెంజీ కథ'ను సైతము సేకో నేటి జపానీ భాషలో తిరిగి చెప్పెను. ప్రభుత్వము 2008లో ఆమెకు సంస్కృతీ పతకమొసగి గౌరవించెను. 2019 జూన్ 6వ తేదీన, తొంబదియొకటవ యేట, ఆమె పరమపదించెను.

సేకో కథలలో రాజులు లేరు, మహావీరులు లేరు. దుకాణపు గుమాస్తాలు, ఒంటరి స్త్రీలు, నడువలేని బాలిక గలరు. వారు తమ యింట మాటలాడు భాషలోనే మాటలాడుదురు. ఇల్లు కాలిపోయిన పిల్లకు మిగిలిన ఆస్తి ఆ భాషయే. దానిని సిగ్గుపడి దాచక, సాహిత్యమునకు కానుకగా నిచ్చుటయే ఆమె సాధించిన ఘనకార్యము.