మెడ పట్టేస్తే చేతి ఒత్తిడి చికిత్స పనిచేస్తుందా?

కండరాలను చుట్టి, ఒకదానితో మరొకదాన్ని కలిపే పొరను ఫేషియా అంటారు. గంటల తరబడి కంప్యూటర్ ముందు వంగి కూర్చునేవారిలో మెడ, భుజాల మధ్య ట్రపీజియస్ కండరం బిగుసుకుని, వేలికి తగిలే ముడులు ఏర్పడవచ్చు. ముడిని నొక్కితే నొప్పి కణత దాకా పాకుతుంది. తలనొప్పికి మాత్రలు మింగేవారిలో కొందరి అసలు బాధ ఇదే. ఈ నొప్పి దారులను అమెరికా వైద్యులు జానెట్ ట్రావెల్, డేవిడ్ సైమన్స్ 1983లో గ్రంథంగా వెలువరించారు.

ఈ బిగుతును సడలించేందుకు చేసే చేతి ఒత్తిడి చికిత్సే మయోఫేషియల్ రిలీజ్. ఇందులో ఫిజియోథెరపిస్టు నూనె దాదాపు వాడకుండా, వేళ్లతోనో మోచేతితోనో నెమ్మదిగా ఒత్తి, సాధారణంగా 90 సెకన్లకు పైగా అలాగే ఉంచుతారు. ఉపశమనం చాలావరకు తాత్కాలికం. కూర్చునే తీరు మారక, వ్యాయామం తోడవక పోతే బిగుతు తిరిగి వస్తుంది. చేయి తిమ్మిరెక్కినా, పట్టు సడలినా, జ్వరం ఉన్నా ముందు డాక్టరుకే చూపించాలి. రక్తం పలుచబరిచే మందులు వాడేవారు ఆ సంగతి తప్పక చెప్పాలి.