నాయనమ్మ చాయ్ గ్లాసు

బతుకమ్మ పండుగ ముందు రోజుల్లో హనుమకొండలో ఒక తల్లి నా దగ్గరికి వచ్చింది. "సార్, మా పాప నాలుగు రోజుల నుంచి నాతోని సరిగ్గ మాట్లాడుతలేదు. నేనేం తప్పు చేసిన్నో తెలుస్తలేదు" అన్నది. నాలుగో తరగతి చదివే ఆ పిల్ల, నాయనమ్మకు ఇద్దామని ఒక చాయ్ గ్లాసు మీద తంగేడు పూలు వేసిందట. పూలు మరీ పెద్దగా, వంకరగా వచ్చాయి. చూసినవాళ్లు నవ్వుతారేమోనని, పిల్ల బడికి పోయాక తల్లి ఆ రంగు గోకేసి, చిన్న చిన్న పూలు పొందికగా వేసి పెట్టింది. సాయంత్రం పిల్ల ఆ గ్లాసును చూసింది. ఏడవలేదు. అల్మారాలో పెట్టేసి ఊరుకుంది.

ఆ తల్లి ప్రేమకు వంక పెట్టలేం. బిడ్డ నలుగురిలో చిన్నబోకూడదన్న ఆరాటం మనందరికీ ఉన్నదే. పాఠాలు చెప్పిన రోజుల్లో నేనూ పిల్లల బొమ్మల మీద ఎన్నోసార్లు ఎర్ర పెన్ను పెట్టాను.

తర్వాత పాపను పక్కన కూర్చోబెట్టుకుని, పూలు అంత పెద్దగా ఎందుకు వేసిందో అడిగాను. "నాయనమ్మకు కండ్లు సరిగ్గ కనవడయి సార్. అందరి గ్లాసులల్ల ఆమె గ్లాసు ఆమెకు దొరుకది. అందుకే పెద్దగేసిన" అన్నది. తల్లి చీర కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

కాస్త కఠినంగా ఉన్నా ఒక మాట చెప్పుకోవాలి. పిల్లలు చేతులతో చేసిన కానుకను మనం దిద్దితే, అది మన కానుక అయిపోతుంది. "నువ్వు చేసింది ఇవ్వడానికి పనికిరాదు" అని మనం నోటితో అనకపోయినా, పిల్లకు వినిపించేది అదే. ఇలా రెండు మూడుసార్లు జరిగితే ఆ పిల్ల కుంచె పక్కన పెట్టేస్తుంది. చదువు మీద పడిందని మనం సంతోషిస్తాం.

అయితే బెంగ పడాల్సిన పని లేదు. కావలసిన ఓపిక మన ఓరుగల్లు ఇళ్లలో ముందే ఉంది. బతుకమ్మ పేర్చేటప్పుడు గునుగు పూలకు రంగులద్దే పని పిల్లల చేతికి ఇస్తాం. వాళ్ల వేళ్లు, బట్టలు, గచ్చు అన్నీ రంగులవుతాయి. వరుస ఒకటి వంగినా పేర్చుకుంటూ పోతాం. వేయిస్తంభాల గుడి దగ్గరో, పద్మాక్షి గుట్ట దగ్గరో ఆడి, నీళ్లలో వదిలి వస్తాం. ఆ బతుకమ్మకు ఎవరమూ మార్కులు వేయం. గ్లాసుకూ వేయనక్కర్లేదు.

బహుమతి ఆశ చూపడంలోనూ జాగ్రత్త కావాలి. 1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే అమెరికా పరిశోధకులు ఒక అధ్యయనం ప్రచురించారు. బొమ్మలంటే ఇష్టపడే 3 నుంచి 5 ఏళ్ల పిల్లల్లో కొందరికి, గీస్తే సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పారు. కొన్నాళ్లకు చూస్తే, ఏ ఆశా చూపని పిల్లలతో పోలిస్తే వీళ్లు తీరిక వేళల్లో బొమ్మలతో గడిపిన సమయం దాదాపు సగమే. ఇష్టంగా చేసే పనికి వెల కట్టవద్దని దీన్నిబట్టి మనం నేర్చుకోవచ్చు.

మరి మన పని ఏమిటి? పక్కన కూర్చోవడం, ప్రమాదం లేకుండా చూడటం. పగుళ్లు లేని మందపాటి గ్లాసు ఇద్దాం. సబ్బుతో కడిగి బాగా ఆరనిద్దాం, వేళ్ల జిడ్డు అంటితే రంగు పట్టదు. రంగు బయటి వైపే వేయించాలి. పెదవి తగిలే అంచు నుంచి కనీసం వేలెడంత జాగా ఖాళీగా వదలాలి. డబ్బా మీద 'నాన్ టాక్సిక్' అని ఉన్నంత మాత్రాన ఆ రంగు నోటికి తగలవచ్చని కాదు. ఒక రోజంతా ఆరనివ్వాలి. వేడి చేస్తే నిలిచే రకం రంగయితే ఆ పని పెద్దవాళ్లదే. గ్లాసును చల్లటి ఓవెన్‌లోనే పెట్టి, తర్వాత వేడి పెంచాలి. కాగిన ఓవెన్‌లో పెడితే అది పగలవచ్చు. కడిగేటప్పుడు గట్టి పీచుతో తోమకండి.

బొమ్మ ఎలా ఉన్నా మొదట ఒక్కటే అడుగుదాం: "ఎవరి కోసం బిడ్డా?" జవాబు వచ్చేదాకా ఆగుదాం. పిల్లల మనసులో ఉన్నది బయటికి రావడానికి కొంచెం సమయం పడుతుంది.

ఆ తల్లి ఇంటికి పోయి పాప చేతికి కొత్త గ్లాసు ఇచ్చింది. ఈసారి పూలు ఇంకా పెద్దగా వచ్చాయట. రేపు మీ ఇంట్లోనూ ఇలాంటి గ్లాసు ఒకటి మీ చేతికి రావచ్చు. దాన్ని షోకేసులో దాచకండి. పిల్లల కళ్ల ముందే అందులో చాయ్ పోసుకుని తాగండి.