గాలిని తూచే ఉద్యోగం

పనిచేసే చోట పీల్చే గాలి, వినే చప్పుడు, భరించే వేడి, మోసే బరువు మనిషిని జబ్బుపాలు చేయకముందే పసిగట్టి, కొలిచి, అదుపు చేసే శాస్త్రం ఆక్యుపేషనల్ హైజీన్. ఇండస్ట్రియల్ హైజీన్ అన్నా ఇదే. జబ్బు వచ్చాక డాక్టరు చూస్తాడు. చెయ్యి యంత్రంలో పడకుండా, బాయిలర్ పేలకుండా సేఫ్టీ ఆఫీసరు చూస్తాడు. ఏళ్ల తరబడి రోజూ కొంచెం కొంచెంగా ఊపిరితిత్తుల్లో చేరే దుమ్ము మాత్రం ఈ ఇద్దరి లెక్కలోకీ సరిగా రాదు. ఆ లెక్క చూసేది హైజీనిస్టు. ఎంపీసీ, బైపీసీ విద్యార్థుల్లో ఈ పేరు విన్నవాళ్లు తక్కువే గానీ, ఈ చదువుకు తగిన పని నల్లగొండ, సూర్యాపేట జిల్లాల్లో కావలసినంత ఉంది.

నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీటితో పండే వరి, నార్కట్‌పల్లి-అద్దంకి రహదారి మీద వేములపల్లి, శెట్టిపాలెం, మిర్యాలగూడ చుట్టుపక్కల మిల్లులకు చేరుతుంది. కోతల కాలంలో ఆ దారి పొడవునా ధాన్యం ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి. మరోవైపు మట్టంపల్లి, మేళ్లచెరువు ప్రాంతంలో సున్నపురాయి గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు. దామరచర్ల మండలం వీర్లపాలెం దగ్గర 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రం. సిమెంటు దుమ్ములోని క్షారం, క్రోమియం చర్మాన్ని దెబ్బతీస్తాయి. బొగ్గు, బూడిద దుమ్ము ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. ఇవి పెద్ద సంస్థలు కాబట్టి వాటిలో ఏదో ఒక మేరకు ఆరోగ్య విభాగం ఉంటుంది. మిల్లుల సంగతి అలా కాదు. అందుకే ఈ శాస్త్రాన్ని మిల్లులో నిలబడి చూస్తేనే బాగా అర్థమవుతుంది.

ధాన్యం దించే చోటు నుంచే దుమ్ము మొదలవుతుంది. జల్లెడలు, ఎలివేటర్లు, షెల్లర్లు, పాలిషర్లు దాటేసరికి ఆ దుమ్ములో వడ్ల నూగు, తవుడు, మట్టి, బూజు అన్నీ కలుస్తాయి. ఉప్పుడు బియ్యం మిల్లుల్లో నానబెట్టే తొట్లు, ఆవిరి, డ్రయ్యర్ల వేడి అదనం. బాయిలర్‌కు ఇంధనం ఊకే. ధాన్యం బరువులో దాదాపు అయిదో వంతు ఊక, కాలిన ఊకలో దాదాపు అయిదో వంతు బూడిద, ఆ బూడిదలో ఎక్కువ భాగం సిలికా. మంట వేడి తక్కువగా ఉన్నంతవరకు ఆ సిలికాకు స్ఫటిక రూపం ఉండదు. వేడి బాగా పెరిగితే క్రిస్టోబలైట్ అనే స్ఫటికంగా మారుతుంది. సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు తెచ్చేది ఈ స్ఫటిక రూపమే. కాబట్టి బూడిద ఎత్తే మనిషికి ఎంత ముప్పు ఉందో తెలియాలంటే బాయిలర్ ఎంత వేడితో మండుతోందో ముందు తెలియాలి.

ధాన్యపు దుమ్ముతో వచ్చే జబ్బులు కొత్తవి కావు. 1700లో ఇటలీ వైద్యుడు బెర్నార్దినో రమజ్జీని వృత్తి రోగాల మీద రాసిన గ్రంథంలో ధాన్యం జల్లించేవాళ్లకు, కొలిచేవాళ్లకు ఒక అధ్యాయమే కేటాయించాడు. రోగిని ‘నువ్వు చేసే పనేమిటి?’ అని కూడా అడగాలని వైద్యులకు చెప్పినవాడూ ఆయనే. 1984లో మలేసియా పరిశోధకులు బియ్యం మిల్లుల కార్మికుల్లో కళ్లమంట, దురద, జలుబు, ఛాతీ బిగపట్టడం, ఆస్తమా వంటి లక్షణాలను గుర్తించి, వాటన్నిటినీ కలిపి రైస్ మిల్లర్స్ సిండ్రోమ్ అన్నారు. మిర్యాలగూడ హమాలీ తుమ్ముతూ చెప్పే మాటలు దీనికి ఎంతో దూరంలో ఉండవు.

హైజీనిస్టు చేతిలో ప్రధానమైన పనిముట్టు కొలత. కార్మికుడి నడుముకు చిన్న పంపు కడతారు. దాని గొట్టం చివర, ముందే తూచి ఉంచిన ఫిల్టరు ఉన్న చిన్న డబ్బీని ముక్కుకు దగ్గరగా కాలరుకు తగిలిస్తారు. పంపు నిమిషానికి 2 లీటర్ల గాలి లాగితే ఎనిమిది గంటల్లో 960 లీటర్లు, అంటే 0.96 ఘనపు మీటరు అవుతుంది. సాయంత్రం ఫిల్టరు బరువు 3.84 మిల్లీగ్రాములు పెరిగిందనుకుంటే, ఆ కార్మికుడు పీల్చిన గాలిలో ఘనపు మీటరుకు 4 మిల్లీగ్రాముల దుమ్ము ఉన్నట్టు. ఊపిరితిత్తుల లోతుకు వెళ్లే సన్నని ధూళి మాత్రమే కావాలంటే డబ్బీకి ముందు చిన్న సైక్లోన్ అమరుస్తారు. ముతక కణాలు అందులోనే రాలిపోతాయి.

లెక్క తేలికే. కష్టమంతా ఎప్పుడు, ఎవరి మీద కొలవాలన్న నిర్ణయంలో ఉంది. మిల్లు సగం ఖాళీగా ఉన్న రోజు తీసిన నమూనా యజమానికి ఊరటనిస్తుందేమో గానీ, యాసంగి ధాన్యం ముంచెత్తే రోజుల సంగతి చెప్పదు. ఎండాకాలంలో డ్రయ్యర్ దగ్గర మామూలు థర్మామీటరు చాలదు. గాలి తేమను, వేడి యంత్రాల నుంచి వచ్చే సెగనూ కలిపి చూపే డబ్ల్యూబీజీటీ మీటరు కావాలి. చప్పుడుకు డోసిమీటరు వాడతారు. మన ఫ్యాక్టరీ నిబంధనల్లో 90 డెసిబెల్స్‌కు ఎనిమిది గంటలు, 95కు నాలుగు గంటలు, 100కు రెండు గంటలు పరిమితి. అమెరికా పరిశోధనా సంస్థ నియోష్ ఎనిమిది గంటలకు 85 చాలంటుంది. ఆ సంస్థే గోధుమ, ఓట్స్, బార్లీ దుమ్ముకు ఘనపు మీటరుకు 4 మిల్లీగ్రాముల హద్దు సూచించింది. అందులో వరి పేరు లేదు. ఇలాంటి చోట పట్టిక చూసి సరే, కాదు అనడం కుదరదు, శాస్త్రం తెలిసి తీర్పు చెప్పాలి.

గోదాముల్లో పురుగు పట్టకుండా పెట్టే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు గాలిలోని తేమ తగిలి ఫాస్ఫీన్ వాయువు విడుదల చేస్తాయి. దాని హద్దు పది లక్షల భాగాల గాలిలో 0.3 భాగం. వాసన రాలేదని లోపలికి వెళ్లడం ప్రాణాల మీదకు తెస్తుంది. డిటెక్టరుతో చూశాకే తలుపు దాటాలి.

కొలిచాక అదుపు చేయాలి. అదుపు చేసే మార్గాల వరసలో మాస్కు చిట్టచివరిది. అంతకుముందు ఎలివేటరు అడుగుకు మూత, దుమ్ము పుట్టేచోటే లాగేసే ఎగ్జాస్టు, బ్యాగ్ ఫిల్టరు, చప్పుడు చేసే యంత్రానికి గది, బస్తాలకు కన్వేయరు. ముక్కుకు చుట్టుకున్న తువ్వాలు సన్నని దుమ్మును ఆపదు. 50 కిలోల బస్తా భుజాన వేసుకుని నడిచే హమాలీ ఎన్-95 మాస్కు పెట్టుకుంటే ఊపిరి ఆడదు, బస్తాకు ఇంత అని కూలి కాబట్టి ఆగనూ లేడు. మాస్కు తీసేశాడని అతన్ని తప్పుపట్టే ముందు కూలి లెక్కను చూడగలిగితే మంచి హైజీనిస్టు. బిహార్ నుంచి సీజనుకు వచ్చి వెళ్లే కూలీల విషయంలో ఇంకో చిక్కుంది: జబ్బు బయటపడేసరికి మనిషి ఇక్కడ ఉండడు, మిల్లు రికార్డులో ఏదీ మిగలదు.

భోపాల్ దుర్ఘటన తరవాత 1987లో ఫ్యాక్టరీల చట్టానికి చేసిన సవరణలు గాలిలో రసాయనాలకు, ధూళికి హద్దులు నిర్ణయించాయి. వాటిలో, స్ఫటిక సిలికాకే మరో రూపమైన క్వార్ట్జ్ ఉన్న సన్నని ధూళికి సూత్రం ఇది: క్వార్ట్జ్ శాతానికి 2 కలిపి, ఆ మొత్తంతో 10ని భాగించాలి. ధూళిలో 3 శాతం ఉంటే హద్దు ఘనపు మీటరుకు 2 మిల్లీగ్రాములు, 8 శాతం ఉంటే 1. ఆ చట్టం స్థానంలో 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. సేఫ్టీ ఆఫీసరు తప్పనిసరి అనే సంఖ్యను వెయ్యి నుంచి 500కు, ప్రమాదకర పరిశ్రమల్లో 250కి తగ్గించడం ఉద్యోగార్థులకు మంచి వార్త. కరెంటుతో నడిచే ఫ్యాక్టరీ అనిపించుకోవడానికి 10 మంది బదులు 20 మంది కార్మికులు ఉండాలనడం మాత్రం చిన్న మిల్లుల కూలీలకు మంచిది కాదు.

ఈ రంగానికి పునాది బీఎస్సీ కెమిస్ట్రీ, లేదా బీటెక్ కెమికల్, మెకానికల్. ఊరికి దగ్గరలో నల్లగొండ మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం పరిధిలోని కాలేజీల్లో డిగ్రీ చేసినా సరిపోతుంది. ఆ పైన గుజరాత్‌లోని వల్లభ్ విద్యానగర్‌లో ఇండస్ట్రియల్ హైజీన్ అండ్ సేఫ్టీ ఎమ్మెస్సీ ఉంది. ముంబైలోని సెంట్రల్ లేబర్ ఇన్‌స్టిట్యూట్, దక్షిణాదిలో చెన్నై రీజనల్ లేబర్ ఇన్‌స్టిట్యూట్ ఇండస్ట్రియల్ సేఫ్టీలో డిప్లొమా ఇస్తాయి. ఎంబీబీఎస్ చేసినవాళ్లకు పారిశ్రామిక ఆరోగ్యంలో మూడు నెలల ఏఎఫ్ఐహెచ్ కోర్సు ఉంది. పరిశోధన వైపు మొగ్గేవాళ్లకు అహ్మదాబాద్‌లోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ దారి. విదేశాల్లోనూ చెల్లే అర్హత కావాలంటే ఆక్యుపేషనల్ హైజీన్ శిక్షణ సంస్థ ఓహెచ్‌టీఏ మాడ్యూళ్లు: రసాయనాల కొలత, వేడి, చప్పుడు, అదుపు పద్ధతులు వంటివి ఒక్కొక్కటిగా పూర్తిచేసి, చివర మౌఖిక పరీక్ష నెగ్గాలి. సేఫ్టీ డిప్లొమా ఒక్కటే చేతిలో ఉన్నవాళ్లు, పంపు కాలిబ్రేట్ చేసి నమూనా తీయడం కూడా నేర్చుకుంటే వేరే వరసలో నిలబడతారు.

ఉద్యోగాలు సిమెంటు, ఫార్మా, విద్యుత్ సంస్థల్లో, ఎన్ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబుల్లో, కన్సల్టెన్సీల్లో, గల్ఫ్ చమురు కంపెనీల్లో దొరుకుతాయి. ఒక్కో రైస్ మిల్లు సొంతంగా హైజీనిస్టును పెట్టుకోలేదు. కానీ పది, ఇరవై మిల్లులు కలిసి ఏడాదికోసారి, ధాన్యం వచ్చే రోజుల్లోనే దుమ్ము, చప్పుడు కొలిపించుకునే ఏర్పాటు చేసుకుంటే, పంపులు, మీటర్లు కొనగలిగిన ఒక చిన్న బృందం మిర్యాలగూడలోనే ఉండి బతకగలదు.