నీళ్ళ తొట్టిలో కాన్పు మనకు పనికివస్తుందా?



మీలో ఎవరో ఒకరు సెల్లులో ఆ వీడియో చూసే ఉంటారు. పెద్ద తొట్టి నిండా గోరువెచ్చని నీళ్ళు. అందులో తల్లి కూర్చుని ఉంటుంది. కాసేపటికి బిడ్డ నీళ్ళలోనే పుడుతుంది. కోత లేదు, కేకలు లేవు. "మనకూ ఇలా కుదురుతుందా?" అని కోడలు అడిగితే ఇంట్లో పెద్దవాళ్ళు నవ్వేస్తారు. నవ్వవలసిన మాటేమీ కాదది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో నూటికి 42 కాన్పులు ఆపరేషనుతో జరిగాయి. ప్రయివేటు ఆసుపత్రుల్లో అయితే నూటికి 63. ఇన్ని కోతలు చూశాక, వేరే దారి ఉందా అని తల్లి అడగడం న్యాయమే.

ఈ పద్ధతి ఎలా వచ్చింది?

ఫ్రాన్సు దేశంలో పితివియే అనే చిన్న పట్నం ఉంది. అక్కడి ఆసుపత్రిలో మిషెల్ ఒదాఁ అనే డాక్టరు, నొప్పులు పడే తల్లులు వెచ్చని నీళ్ళలో కూర్చుంటే హాయిగా ఉంటుందని తొట్టి పెట్టించారు. ఆయన కోరింది నొప్పి తగ్గడమే. కాని కొందరు తల్లులు బయటకు రాకముందే కాన్పు అయిపోయింది. 1983లో ఆయన అటువంటి నూరు కాన్పుల గురించి లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాశారు. అక్కడినుంచి చాలా దేశాలకు పాకింది.

నీళ్ళలో బిడ్డ మునిగిపోదా అని మీకు అనుమానం రావచ్చు. తల్లి కడుపులో బిడ్డ ఉమ్మనీటిలోనే పెరుగుతుంది. పుట్టిన క్షణంలో కూడా బొడ్డు తాడు ద్వారా తల్లి రక్తంనుంచి ప్రాణవాయువు అందుతూనే ఉంటుంది. ముఖానికి గాలి తగిలాకే సాధారణంగా మొదటి శ్వాస తీస్తుంది. అయితే ఇది ఆరోగ్యంగా ఉన్న బిడ్డ సంగతి. కడుపులోనే అలసిపోయిన బిడ్డ నీటిలోనే ఊపిరి పీల్చే ప్రమాదం ఉంది. బిడ్డను పైకి తీసేటప్పుడు తొందరపడి లాగితే బొడ్డు తాడు తెగవచ్చు కూడా. అందుకే పక్కన ఉన్నవారికి ఈ పనిలో శిక్షణ ఉండి తీరాలి.

డాక్టర్లు ఏమంటున్నారు?

నొప్పుల మొదటి దశలో గోరువెచ్చని నీళ్ళలో కూర్చున్న తల్లులకు నొప్పి తెలియకుండా వెన్నులో ఇచ్చే మత్తుమందు అవసరం కొంత తగ్గిందని 2018లో పాత పరిశోధనలన్నీ కలిపి చూసినవారు చెప్పారు. బిడ్డను నీళ్ళలోనే కనడం గురించి మాత్రం అందరి మాటా ఒకటి కాదు. అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం 2016లో, నొప్పులు నీటిలో పడినా కాన్పు మాత్రం బయటే కావాలని సలహా ఇచ్చింది. బ్రిటనులో ఆరోగ్యవంతులైన తల్లులకు మిడ్‌వైఫ్ నర్సులు నీళ్ళలోనే కాన్పు చేస్తున్నారు.

ఆరోగ్యవంతులైన తల్లులకు అన్న మాట మరచిపోకండి. బి.పి. ఎక్కువున్నవారు, ఒంట్లో రక్తం తక్కువున్నవారు, కవలలు ఉన్నవారు, బిడ్డ ఎదురుకాళ్ళతో ఉన్నవారు, నెలలు నిండకుండా నొప్పులు వచ్చినవారు, జ్వరం ఉన్నవారు, ముందు కాన్పు ఆపరేషను అయినవారు సొంతంగా ఈ ఆలోచన చేయరాదు.

మన దేశంలో ఈ సౌకర్యం పెద్ద నగరాల్లో, కొన్ని ప్రయివేటు ఆసుపత్రుల్లోనే దొరుకుతోంది. ఖర్చు పెట్టి వెళ్ళదలచినవారు ముందుగా ఒక్క ప్రశ్న అడగండి: "అవసరమైతే ఎన్ని నిమిషాల్లో ఆపరేషను చేయగలరు? ఎక్కడ చేస్తారు?" దీనికి సూటిగా జవాబు రాకపోతే లేచి వచ్చేయండి.

ఇంట్లో చేసుకుంటే?

వద్దు. ఈ మాట గట్టిగానే చెబుతున్నాము. పశువులకు నీళ్ళు పెట్టే సిమెంటు గాబు కడిగినంత మాత్రాన కాన్పు తొట్టి కాదు. కాలువ నీళ్ళు, చెరువు నీళ్ళు, కొల్లేటి నీళ్ళు తల్లికీ బిడ్డ బొడ్డుకూ చీము పట్టిస్తాయి. రక్తస్రావం అయితే ఎంత పోయిందో నీళ్ళలో తెలియదు. కాన్పు తరవాత రక్తం ఆగకపోతే తల్లిని కాపాడడానికి ఉండే సమయం చాలా తక్కువ. నల్లజర్ల మెట్టనుంచి తాడేపల్లిగూడెం ఏరియా ఆసుపత్రికో, ఏలూరు పెద్దాసుపత్రికో చేరడానికి పట్టే సమయం ఆ తల్లికి ఉండకపోవచ్చు. కొల్లేటి లంకల సంగతి చెప్పనే అక్కరలేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చినప్పుడు లంక గ్రామాల దారులు నీట మునిగాయి. వానాకాలంలో నెలలు నిండే లంక తల్లులు తేదీకి వారం ముందే గట్టున ఉన్న చుట్టాల ఇంటికి చేరడం మంచిది.

మరి మనకు దొరికేది ఏమిటి?

నీళ్ళ తొట్టి లేకపోయినా నీళ్ళ మేలు కొంత దొరుకుతుంది. ఉమ్మనీరు పోకముందు, నర్సమ్మ సరేనంటే, వేడిగా లేని గోరువెచ్చని నీళ్ళు నడుము మీద పోయించుకోవచ్చు. వేడి గుడ్డతో నడుము కాపడం పెట్టవచ్చు. నొప్పులు పడుతూ మంచానికి అతుక్కుని వెల్లకిలా పడుకోనక్కరలేదు; నడవవచ్చు, కూర్చోవచ్చు, పక్కకు తిరిగి పడుకోవచ్చు. ఇలా కదలడం ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహాయే. తోడు కూడా ఉండవచ్చు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పు వేళ తల్లి దగ్గర ఆమె కోరిన ఆడమనిషి ఉండవచ్చని కేంద్ర ప్రభుత్వం 2016లోనే చెప్పింది. చాటు ఉన్నచోట భర్తకూ వీలుంది. అయ్యా, మీరు బయట బీడీ కాలుస్తూ తిరిగేకంటే లోపల ఆమె నడుము రుద్దితే ఎంతో మేలు!

నీళ్ళ మాట వచ్చింది గనుక మరో రెండు సంగతులు. బిడ్డ పుట్టగానే నీళ్ళు పోసి రుద్దే అలవాటు మన ఊళ్ళలో ఇంకా పోలేదు. పొడిగుడ్డతో తుడిచి తల్లి రొమ్ము మీద పడుకోబెట్టి, మొదటి గంటలోనే ముర్రుపాలు పట్టాలి. స్నానం ఒకరోజు ఆగాలి, లేకపోతే పసి ఒళ్ళు చల్లబడి ప్రమాదం. ఇక బాలింతకు దాహమైనా మంచినీళ్ళు ఇవ్వని ఇళ్ళున్నాయి. పొట్ట పెరుగుతుందని భయమట! పాలిచ్చే తల్లి దాహం తీరా కాచి చల్లార్చిన నీళ్ళు తాగాలి.

ఏడో నెలలోనే తేల్చుకోండి

ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు డాక్టరు పరీక్ష ఉచితం. ఇద్దరూ కలిసి వెళ్ళండి. బి.పి., రక్తం ఎంత, బిడ్డ ఎలా తిరిగి ఉంది అడగండి. కాన్పు ఎక్కడో, తోడు ఎవరో, రాత్రివేళ 108కి ఎవరు ఫోను చేయాలో ఆ రోజే అనుకోండి. ప్రభుత్వ ఆసుపత్రిలో మామూలు కాన్పుకైనా ఆపరేషనుకైనా, మందులకూ రక్తానికీ డబ్బు కట్టనక్కరలేదు. ఆపరేషను అంటే "ఎందుకు?" అని అడగడానికి సంకోచించకండి. కారణం చెప్పాక మాత్రం ఆలస్యం చేయకండి.

తరవాతి బిడ్డ సంగతీ అప్పుడే మాట్లాడుకోండి. ఈ కాన్పుకూ మరో గర్భానికీ కనీసం రెండేళ్ళు ఎడం ఉండాలి. కాన్పయిన 48 గంటల్లోపే కాపర్-టి వేయించుకుని ఇంటికి రావచ్చు. ఇక పిల్లలు చాలు అనుకుంటే ఆమెకు వారంలోపు ఆపరేషను చేస్తారు. కోతా కుట్టూ లేకుండా మగవారికి చేసేది అంతకంటే తేలిక. అది చేయించుకున్నాక మాత్రం మూడు నెలలు నిరోధ్ వాడి, పరీక్ష చేయించుకోవాలి. ఏది కావాలో మీ ఏ.ఎన్.ఎం.కు చెప్పి, తల్లీబిడ్డల కార్డు మీద రాయించుకోండి.