వేడెక్కితే ఆయిల్ ప్రెషర్ ఎందుకు దిగుతుంది?

ప్రశ్న: మా పాత చెరకు లారీలో ఇంజన్ వేడెక్కగానే ఆయిల్ ప్రెషర్ ముల్లు దిగుతోంది. కింద ఆయిల్ కూడా కారుతోంది. ఇంజన్ దింపాలా? – ఒక పాఠకుడు, బోధన్

జవాబు: అప్పుడే దింపకండి. వేడికి ఆయిల్ పలచబడుతుంది. ఐడ్లింగ్‌లో ముల్లు కొంత దిగడం మామూలే. రేస్ ఇస్తే లేవాలి. లేవకుంటే సెన్సర్ విప్పి, అక్కడ మెకానికల్ గేజ్ బిగించి చూడమనండి. పాత బండ్లలో డ్యాష్‌బోర్డు మీటరే తప్పు చూపడం తరచూ జరిగేదే. గేజ్‌లోనూ తక్కువుంటే డిప్‌స్టిక్ వాసన చూడండి. డీజిల్ కలిసినా ప్రెషర్ పడుతుంది. అదీ కాకపోతే బేరింగులో, పంపో అరిగినట్టు. చిక్కటి ఆయిల్ పోసి సరిపెట్టుకోవద్దు.

ఇక ఆయిల్ కారుతోందన్నారు కదా, దానికి మొదట ఇంజన్ బ్రీదర్ శుభ్రం చేయించండి. అది మూసుకుంటే లోపలి గాలి సీళ్ల గుండా ఆయిల్‌ను తోస్తుంది. 2015లో శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక మీ చెరకు దూరం పోవాల్సి వస్తోంది కదా, నిండు లోడుతో దారి మధ్యలో ఉన్నా సరే, ఆయిల్ ప్రెషర్ ఎర్ర లైటు వెలిగితే అక్కడే ఇంజన్ ఆపేయండి.